జాన్ హారిసను చరిత్రము

పాఠశాలలో గంట మ్రోగినంతనే విద్యార్థులు పుస్తకములు మూసి బయటికి పరుగిడుదురు. ఆ గంటను మ్రోగించు వానికి ఆధారము గోడమీది గడియారము. అది రెండు నిమిషములు తప్పిన యెడల మనకు గలుగు నష్టము మిక్కిలి స్వల్పము. కాని సరిగా నడచు గడియారము లేమిచేత వేలకొలది నావికులు సముద్రము పాలైన కాల మొకటి యుండెను. ఆ కొరతను దీర్చినవాడు రాజాస్థాన పండితుడు కాడు, విశ్వవిద్యాలయమున పట్టము పొందినవాడును కాడు, పల్లెటూరి వడ్రంగి. అతని పేరు జాన్ హారిసను. అతని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగ దెలుప బూనితిమి.

హారిసను 1693వ సంవత్సరము మార్చి నెలలో ఇంగ్లండు దేశమున యార్కుషైరు మండలములోని ఫౌల్బీ యను గ్రామమున జన్మించెను. తండ్రి వడ్రంగి. బాలుడు చిన్నవాడై యుండగనే ఆ కుటుంబము లింకన్‌షైరులోని బారో గ్రామమునకు తరలిపోయెను. ఆరేండ్ల ప్రాయమున మశూచి సోకి మంచము పట్టినప్పుడు, ప్రొద్దు పుచ్చుటకై పెద్దలు ఒక జేబు గడియారమును అతని దిండుపై నుంచిరనియు, దాని చప్పుడు వినుచు, కదలిక చూచుచు అతడు దినములు గడపెననియు చెప్పుకొందురు.

అతడు తండ్రియొద్ద కొయ్యపని నేర్చెను. చదువుపై మక్కువ యున్నను పుస్తకములు కొను స్తోమత లేదు. ఆ ప్రాంతమునకు వచ్చిన బోధకు డొకడు ఈ యువకుని ఆసక్తి గనిపెట్టి, కేంబ్రిడ్జి పండితుడగు నికొలస్ సాండర్సను ప్రకృతిశాస్త్రముపై జేసిన ఉపన్యాసముల ప్రతి నొకదానిని ఎరువిచ్చెను. సాండర్సను పసితనముననే రెండు కన్నులు గోల్పోయిన అంధుడు. అంధుడు బోధించిన విద్యను వడ్రంగి యువకుడు అక్షర మక్షరము, చిత్రము చిత్రము తన చేతితో ఎత్తి వ్రాసికొనెను. ఎరువిచ్చిన ఒక్క పుస్తక మెంత ఫలమిచ్చునో బోధకులమగు మేము తలచుకొనవలసిన సంగతి యిది.

ఇరువదియేండ్లు నిండకమునుపే, 1713లో, హారిసను ఒక లోలక గడియారమును నిర్మించెను. దాని చక్రములు దాదాపు అన్నియు కొయ్యవే. పిమ్మట బ్రాకిల్స్‌బీ పార్కు అను జమీందారీ భవనమునకు నూనెయే యక్కరలేని పెద్ద గడియారము నొకటి 1722 ప్రాంతమున చేసి యిచ్చెను. ఆనాడు గడియారములకు నూనెయే శత్రువు. కొన్నాళ్లకు అది చిక్కబడి చక్రములను బిగియబట్టును. హారిసను తనంతట తానే జిడ్డు నూరు గట్టి కొయ్యతో కీళ్లు చేసి ఆ బాధను తొలగించెను.

వేడిమి రెండవ శత్రువు. ఎండకు లోహము సాగును, లోలకము పొడవైనచో మెల్లగ ఊగును, గడియారము వెనుకబడును. ఇత్తడి ఉక్కుకంటె ఎక్కువ సాగునని గ్రహించి, తమ్ముడగు జేమ్సు తోడ్పాటుతో పనిచేయుచు, అతడు ఈ రెండు లోహముల కడ్డీలను ప్రక్కప్రక్కన కూర్చెను. ఉక్కు క్రిందికి సాగినంత ఇత్తడి పైకి సాగునట్లు అమర్చినందున లోలకపు పొడవు మారదు. ఈ గడియారములు నెలకు ఒక సెకండు మాత్రమే తప్పునంతటి నిక్కచ్చిగ నడచెను.

ఇక నావికుల కష్టమును గూర్చి చెప్పవలెను. నడిసముద్రమున నున్న ఓడ భూమధ్యరేఖకు ఎంత ఉత్తరమున నున్నదో సూర్యుని వలనను ధ్రువనక్షత్రము వలనను తెలిసికొనవచ్చును. తూర్పు పడమరల దూరము, అనగా రేఖాంశము, తెలియుట దుర్లభము. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును గనుక ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల భేదము. మన కాకినాడకు సమీపముగ పోవు 82½ డిగ్రీల రేఖను తీసికొందము. దానిని 4 చేత గుణించిన 330 నిమిషములు, అనగా 5½ గంటలు. కావుననే మన దేశపు కాలము గ్రీనిచ్ కాలమునకు 5½ గంటలు ముందున్నది. దీనిని త్రిప్పి చూడుడు: ఓడలోని గడియారము బయలుదేరిన రేవు కాలమును తప్పక చూపుచున్నచో, మిట్టమధ్యాహ్నమున దానిని చూచినంతనే ఓడ యే రేఖపై నున్నదో లెక్క తేలును. కాని అలలపై లోలకము నిలుకడగ నూగదు; ఆనాటి మంచి జేబు గడియారములు సహితము దినమునకు ఒక నిమిషము వరకు తప్పుచుండెను.

1707లో ఆంగ్లేయుల యుద్ధనౌకలు నాలుగు తామున్న తావు తెలియక సిల్లీ ద్వీపముల రాళ్లకు దాకి మునిగెను. వేయికి మించిన నావికులు మృతినొందిరి. 1714లో పార్లమెంటువారు ఒక చట్టము చేసి, వెస్టిండీసు ప్రయాణమున రేఖాంశమును అర డిగ్రీ లోపల కనుగొను ఉపాయము చూపినవారికి 20,000 పౌనుల బహుమాన మేర్పరచి, విచారణకు ఒక సంఘమును నియమించిరి. అర డిగ్రీ యనగా కాలములో రెండు నిమిషములు. ఆరు వారముల ప్రయాణమున గడియారము దినమునకు మూడు సెకండులైన తప్పరాదన్నమాట.

1730 ప్రాంతమున హారిసను తన చిత్రపటములతో లండనుకు పోయి రాజజ్యోతిష్కుడగు ఎడ్మండ్ హాలీని దర్శించెను. హాలీ అతనిని ప్రసిద్ధ గడియార నిర్మాత యగు జార్జి గ్రేహామునొద్దకు పంపెను. గ్రేహాము ఈ గ్రామీణుని నుపేక్షింపక ప్రొద్దుటినుండి రాత్రివరకు సంభాషించి, వడ్డీ లేకుండ ధనమిచ్చి పంపెను. తన వృత్తిలో తనను మించగలవానిని ప్రోత్సహించుట ఉదారుల లక్షణము.

1735 నాటికి మొదటి ఓడ గడియారము సిద్ధమయ్యెను. దాని బరువు సుమారు 34 కిలోలు. లోలకమునకు బదులు రెండు దండములు స్ప్రింగులతో కలుపబడి ఎదురెదురుగ ఊగుచుండును. ఓడ కుదుపు ఒకదానికి చేసిన కీడును రెండవది సరిపుచ్చును. 1736లో దీనితో లిస్బను నగరమునకు ప్రయాణము జరిగెను. తిరిగి వచ్చునప్పుడు ఎదుట కనబడిన తీరము వేరొకటని ఓడవారు తలపగా, హారిసను తన లెక్కచొప్పున అది లిజార్డు అగ్రమని చెప్పెను. అతని మాటయే నిజమయ్యెను. ఓడవారు సుమారు 60 మైళ్లు పొరబడి యుండిరి.

1737లో సంఘమువారు అతని మాట వినుటకు సమావేశమైరి. వెస్టిండీసు పరీక్షకు పంపుమని అడిగిన యెడల వారు సమ్మతించి యుందురేమో. కాని హారిసను తన గడియారములోని లోపములను తానే బయటపెట్టి, ఇంకొకటి మేలుగ చేయుటకు గడువును కొంత ద్రవ్యసహాయమును మాత్రమే కోరెను. 1739లో రెండవ గడియారము ముగిసెను. ఓడ వేగముగ మలుపు తిరిగినప్పుడు దండముల ఊపు చెడునని అతడే కనిపెట్టి దానినిగూడ ప్రక్కన బెట్టెను. మూడవదానిపై 19 సంవత్సరములు పాటుపడెను. ఇత్తడిరేకును ఉక్కురేకును అతికి వేడిమికి వంగునట్లు చేయు ఉపాయము ఈ కాలమునందే పుట్టెను. నేటి ఇస్త్రీపెట్టెలలో వేడిని అదుపుచేయు పరికరమునకు అదియే మూలము. 1749లో రాయల్ సొసైటీవారు అతనికి కాప్లీ పతకమిచ్చి గౌరవించిరి. అయినను మూడవ గడియారము అతనికి తృప్తి కలిగింపలేదు.

ఇంతలో తన స్వంతమునకై తన పద్ధతిని చేయించుకొనిన జేబు గడియారము అనుకొన్నదానికంటె చక్కగ నడచుట చూచి హారిసను ఆశ్చర్యపడెను. చిన్న చక్రము వడిగ ఊగుచుండిన యెడల ఓడ కదలిక దానిని అంతగా చెరుపలేదు. పెద్ద యంత్రములపై ఇరువదియేండ్లకు పైగా వెచ్చించినవాడు, అరువదియేండ్ల వయస్సున ఆ త్రోవను విడిచి క్రొత్తత్రోవ పట్టెను. 1759లో ముగిసిన నాలుగవ గడియారము అడ్డము 13 సెంటీమీటర్లు. బరువు ఒకటిన్నర కిలో లోపు. రాపిడి గల తావుల కెంపులు, వజ్రములు పొదుగబడెను. అది సెకండునకు ఐదుమారులు కొట్టును.

1761 నవంబరులో అతని కుమారుడు విలియము ఆ గడియారమును తీసికొని జమైకాకు బయలుదేరెను. 81 దినములకు దాని తప్పు దాదాపు 5 సెకండులు మాత్రమే! అయినను అది దైవికముగ కుదిరినదేమో యని సంఘమువారు శంకించి రెండవ పరీక్ష కోరిరి. 1764లో బార్బడోసు ప్రయాణమున జరిగిన ఆ పరీక్షలో గడియారము చట్టము కోరినదానికంటె మూడింతలు నిక్కముగ నిలిచెను. అప్పటికిని బహుమానము పూర్తిగ ఇయ్యరైరి. 1765లో క్రొత్త చట్టము చేసి, రహస్యమంతయు వెల్లడించి గడియారముల నప్పగించిన 10,000 పౌనులనియు, అట్టివి మరల చేయవచ్చునని రుజువైన పిమ్మటనే మిగిలిన సగమనియు నిర్ణయించిరి. చంద్రుని గమనము వలన రేఖాంశము గణించు పద్ధతిని బలపరచుచున్న రెవరెండు నెవిల్ మాస్కెలిన్ అప్పుడు రాజజ్యోతిష్కుడై, సంఘములో నొకడై యుండెను. అతని పర్యవేక్షణయందు గ్రీనిచ్‌లో జరిగిన పరీక్షలో గడియారము తగినది కాదని నివేదింపబడెను.

సంఘమువారిది కేవలము దురుద్దేశమని మేము తలపము. ఒక్కని చేతిలో ఏండ్ల తరబడి తయారగు వస్తువు వందల ఓడల కెట్లు అందునని వా రడుగుట న్యాయమే. చంద్రుని లెక్కయు నావికులకు మేలుచేసెను. కాని పరీక్షలో నెగ్గిన పిదప నియమములు మార్చుట, డెబ్బదియేండ్లు దాటినవాని చేతి పనిముట్టును లాగికొనుట న్యాయము కాదు. లార్కమ్ కెండాల్ అను నిపుణుడు 1769 నాటికి నాలుగవదానికి సరియైన ప్రతిని చేయగా, కెప్టెన్ కుక్కు 1772 నుండి 1775 వరకు జరిగిన తన రెండవ మహాయాత్రలో దానిని కొనిపోయి మెచ్చుకొనెను.

హారిసను కన్నులు మసకబారు వయస్సున కుమారునితో కలిసి ఐదవ గడియారము చేసెను. 1772లో మూడవ జార్జి రాజు దానిని తన వేధశాలలో స్వయముగ పరీక్షింపగా దినమునకు సెకండులో మూడవవంతు మించి తప్పలేదు. రాజు పక్షము వహింపగా 1773లో పార్లమెంటువారు 8,750 పౌనులిచ్చిరి. సంఘమువారు మాత్రము బహుమానమును అతనికి గాని మరెవ్వరికి గాని పూర్తిగ ఎన్నడును ఇయ్యలేదు. 1776 మార్చి 24వ తేదీన, 83 ఏండ్ల ప్రాయమున హారిసను లండనులో పరలోకగతుడయ్యెను.

పిమ్మట ఆర్నాల్డు, ఎర్న్‌షా అను నిపుణులు ఇట్టి గడియారములను సులభముగ, తక్కువ వెలకు చేయు మార్గములు కనిపెట్టిరి. 1831లో బయలుదేరిన బీగిలు అను ఒక్క నౌకలోనే 22 గడియారము లుండెను. నేడు ఆకాశమున తిరుగు ఉపగ్రహములు అణుగడియారములను మోయుచు, మన చేతిలోని ఫోనునకు దారి చూపుచున్నవి. యంత్రము మారినను సూత్రము మారలేదు: కాలము సరిగా తెలిసిన స్థలము తెలియును. తుప్పుపట్టి యుండిన హారిసను గడియారములను రూపర్ట్ గౌల్డు అను నౌకాదళోద్యోగి 1920 మొదలు ఏండ్లకొలది శ్రమించి బాగుచేసెను. అవి నేడు గ్రీనిచ్‌లో భద్రపరుపబడి యున్నవి.

తలాంతుల ఉపమానమును మన మెరుగుదుము. హారిసను పొందినది చేతిపనియను ఒక్క తలాంతు. దానిని భూమిలో దాచక జీవితాంతము వృద్ధిచేసెను. ఆ జీవితములో మా కన్నిటికంటె ప్రియమైన ఘడియ రాజు మెచ్చినదియు కాదు, ధనము చేరినదియు కాదు. 1737లో, గెలుపు అందుబాటులో నున్నప్పుడు, పెద్దల యెదుట నిలిచి తన పనిలోని తప్పును తానే చూపిన ఘడియ. లెక్కలో తప్పు దొరలినప్పుడు పలకను చేతితో కప్పుకొను మా విద్యార్థులు ఆ ఘడియను జ్ఞాపకముంచుకొందురు గాక. తప్పును దాచినవాని గడియారము ఎవరిని ఏ రేవునకు చేర్చదు.