సర్పగంధి, సర్ రామనాథ్ చోప్రా

మన సంఘంలో బి.పి. మాత్ర వేసుకోని సభ్యులు తక్కువ. ప్రత్యేక సంచికకు ఎవరైనా పెద్దవారి గురించి రాయమన్నారు. నాకు డాక్టర్ సర్ రామనాథ్ చోప్రాగారు గుర్తుకొచ్చారు. కారణం మా నాన్నగారు.

చోప్రాగారు 1882లో గుజ్రాన్‌వాలాలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1921లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఔషధశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. మన మూలికల్లో ఏది నిజంగా పనిచేస్తుందో పరీక్షించి తేల్చాలన్నది ఆయన పట్టుదల.

సర్పగంధి వేరును ఉత్తరాదిన ఉన్మాదం ముదిరినవారికి తరతరాలుగా ఇచ్చేవారు. అది రక్తపోటును కూడా తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గార్లు కలకత్తా నుంచే ప్రకటించారు. 1933లో చోప్రాగారు, సహచరులు ఆ వేరు నుంచి తీసిన ఆల్కలాయిడ్‌ను జంతువుల మీద పరీక్షించారు. రక్తపోటు తగ్గింది. దానితోపాటు మెదడు, నాడుల చురుకూ తగ్గింది. ఒకే వేరుకు రెండు పనులన్నమాట. 1949లో బొంబాయి గుండె వైద్యులు రుస్తుం వకీల్ గారు రక్తపోటు రోగుల మీద దాని ఫలితాలు ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండులో అందులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. తరువాత కొన్నేళ్లు పాశ్చాత్య దేశాల మానసిక ఆసుపత్రుల్లోనూ వాడారు.

1970లలో మా నాన్నగారికి రిసర్పిన్ కలిసిన బి.పి. మాత్ర రాసిచ్చారు. బి.పి. అదుపులోకి వచ్చింది. కాని వన్ టౌన్ ఇంటి నుంచి దుర్గా ఘాట్ దాకా రోజూ నడిచే మనిషి అరుగు దిగడం మానేశారు. పేపరు మడత కూడా విప్పేవారు కాదు. రిటైరైన దిగులే అనుకున్నాం. డాక్టరుకు ఒక్క మాట చెప్పలేదు. రెండేళ్ల తరువాత మరో డాక్టరు విషయం అడిగి తెలుసుకుని మందు మార్చారు. కొన్ని వారాలకు ఒక ఉదయం నాన్నగారు తానే పేపరేదని అడిగారు. అదంతా మందు వల్లేనని రుజువు చూపలేను. కాని రిసర్పిన్ కొందరిలో దిగులు పుట్టిస్తుందని అప్పటికే వైద్యులు రాసి ఉన్నారు. ఇప్పుడు ఆ మందు వాడకం బాగా తగ్గిపోయింది.

చోప్రాగారు అధ్యక్షత వహించిన ఔషధ విచారణ సంఘం సిఫారసులే 1940 ఔషధ చట్టానికి పునాది. 1941లో సర్ బిరుదు పొందారు. 1973లో కన్నుమూశారు.

మిత్రులకు ఒక మనవి. కొత్త మాత్ర మొదలుపెట్టాక మనసు మందగిస్తే వయసు మీదికి నెట్టకండి. మాత్ర మీ అంతట మీరు మానకండి. డాక్టరుకు చెప్పండి. మీరు చెప్పకపోతే ఇంట్లోవారు చెప్పాలి. ఆ పని మేం చేయలేకపోయాం.