నీటి మీంచి లేచిన బాతు

రైట్ సోదరులు 1903లో తొలిసారి ఎగిరిన చోటు ఒక ఇసుక తీరం. ఆ తర్వాత ఆరేళ్ల పాటు విమానం కట్టినవాళ్లలో చాలామంది చదునైన మైదానం కోసమే వెతికారు. ఫ్రాన్సు దేశపు మార్సెయ్ రేవులో 1882 నవంబరు 29న పుట్టిన ఆన్రీ ఫాబ్ర్ మాత్రం నీటి వైపు చూశాడు. వాళ్లది ఓడల యజమానుల కుటుంబం. తెరచాప, తాడు, అల, గాలివాటం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే.

పిల్లలూ, నీటి మీంచి ఎగరడం వినడానికి తేలికే. కానీ నడుములోతు నీళ్లలో ఎప్పుడైనా పరుగెత్తి చూశారా? నేల మీద చక్రం దొర్లిపోతుంది. నీరు అలా వదలదు, కాళ్లు పట్టుకుని వెనక్కి లాగుతుంది. ఆ పట్టు విడిపించుకునే వేగం రావాలంటే ఇంజినుకు బలం ఉండాలి. బలమైన ఇంజిను పెడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే విమానం నీటిలో ఇంకా లోతుకు దిగుతుంది. ఫాబ్ర్ కొన్నేళ్లు తలమునకలైంది ఈ చిక్కులోనే.

చాలా పుస్తకాలు ఆయన గెలిచిన రోజు గురించి రాసి ఊరుకుంటాయి. నాకైతే అంతకు ముందటి ఏడాది ముఖ్యమనిపిస్తుంది. 1909లో ఆయన కట్టిన మొదటి నీటి విమానంలో మూడు అంజానీ ఇంజిన్లున్నాయి. ఒక్కోటి 12 అశ్వశక్తి. మూడూ కలిసి ఒకే ప్రొపెల్లర్‌ను తిప్పాలి. అదే ఏడాది జూలైలో బ్లెరియో అనే మరో ఫ్రెంచివాడు ఒకే ఒక అంజానీ ఇంజినుతో, 25 అశ్వశక్తితో, ఇంగ్లీషు కాలువ దాటేశాడు. ఆయన విమానం లేచింది నేల మీంచి. ఫాబ్ర్ విమానం అంతకంటే ఎక్కువ బలంతో కూడా నీటిని వదల్లేదు.

ఇంజిన్ల సంఖ్య పెంచితే లాభం లేదని తేలింది. బరువు తక్కువగా ఉండి బలం ఎక్కువున్న ఇంజిను కావాలి. అది అప్పుడే బజారులోకి వచ్చింది. సెగాన్ సోదరులు తయారుచేసిన నోమ్ ఇంజిను. ఏడు సిలిండర్లు, 50 అశ్వశక్తి, బరువు సుమారు 75 కిలోలు.

దాని తమాషా చెప్పాలి. బండి చక్రపు ఆకుల్లా సిలిండర్లు గుండ్రంగా అమరిన ఇంజిన్లు మరికొన్ని ఉన్నాయి. వాటిలో సిలిండర్లు కదలవు, మధ్యలోని ఇరుసు తిరుగుతుంది. నోమ్‌లో అంతా తలకిందులు. ఇరుసును విమానానికి కదలకుండా బిగిస్తారు. ఏడు సిలిండర్లూ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరుగుతాయి, నిమిషానికి సుమారు 1200 చుట్లు. తిరుగుతున్నందువల్ల గాలికి అవే చల్లబడతాయి, నీళ్ల తొట్టి అవసరం లేదు. బరువు తగ్గడానికి అదొక కారణం.

దీనికి నూనె ఏమిటనుకున్నారు? మన ఆముదమే! ఈ ఇంజినులో పెట్రోలు ఆవిరి లోపలి గదిగుండా పోతుంది, మామూలు ఖనిజ నూనెను పలచబరుస్తుంది. ఆముదం పెట్రోలులో అంత సులువుగా కలవదు. కాకపోతే వాడిన నూనె మళ్లీ చేతికి రాదు, పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. దగ్గరున్నవాళ్ల బట్టలు ఏమయ్యేవో ఊహించుకోండి.

ఫాబ్ర్‌కు ఇద్దరు మంచి సహాయకులు దొరికారు. మారియుస్ బుర్దాన్ అనే మెకానిక్, లెయాన్ సెబీ అనే ఓడల నిర్మాణ నిపుణుడు. ముగ్గురూ కలిసి రెండో విమానాన్ని కట్టారు. కర్ర ముక్కలను జాలీలా అల్లిన దూలాలు దాని వెన్నెముక. రెక్కకు తెరచాప గుడ్డ తొడిగారు. పడవవాడు తెరచాప చుట్టినట్టు దాన్ని చుట్టి పెట్టేయవచ్చు. చిన్న రెక్కలు ముందు, పెద్ద రెక్క వెనక ఉన్నాయి. నీటి మీద నిలబెట్టేందుకు అడుగు చదునుగా ఉన్న మూడు తేలుడు తొట్లు పెట్టారు, ముందు ఒకటి, వెనక రెండు. నోమ్ ఇంజినును పై దూలం వెనక కొసన, నీటికి ఎత్తుగా బిగించారు. నడిపేవాడు గుర్రమెక్కినట్టు ఆ దూలం మీదే కూర్చోవాలి. ఈ ఆకారానికి బాతు అనే పేరు నిలిచిపోయింది.

అలాంటి ఇంజినును నడిపించడానికి ముందు సిలిండర్లలో కాస్త పెట్రోలు పోసి, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. అంటుకుందంటే చెయ్యి వెంటనే తీసేయాలి. నేల మీదైతే చక్రాలకు అడ్డు పెట్టి, నలుగురు తోక పట్టుకుంటారు. నీటి మీద అడ్డేది? ఇంజిను పలికిందంటే విమానం కదిలిపోతుంది. పైగా స్కూటరులా వేగాన్ని నెమ్మదిగా పెంచడం, తగ్గించడం ఈ ఇంజినుకు రాదు. నిప్పురవ్వను ఆపి, మళ్లీ ఇచ్చి అదుపు చేసుకోవాలి.

1910 మార్చి 28. మార్సెయ్ దగ్గర బెర్ర్ అనే సరస్సు. మన పులికాట్ లాగే సముద్రంతో కలిసిన ఉప్పునీటి సరస్సు అది. దూలం మీద కూర్చున్న ఫాబ్ర్‌కు 27 ఏళ్లు. అంతవరకు ఆయన ఒక్క విమానమూ నడపలేదు. ప్రయాణికుడిగా కూడా ఎక్కి ఎరగడు. నేర్పేవాడు లేడు, నీటి మీంచి ఎగరడం తెలిసినవాడు లోకంలోనే లేడు.

తొట్లు నీటిని చీల్చుకుంటూ పోయి, పైకి తేలి, వదిలేశాయి. సుమారు 2 మీటర్ల ఎత్తున, దాదాపు 450 మీటర్ల దూరం ఎగిరి విమానం క్షేమంగా మళ్లీ నీటి మీద వాలింది. ఆ రోజే మొత్తం నాలుగుసార్లు ఎగిరాడు. వాటిలో పెద్దది సుమారు 600 మీటర్లు.

తర్వాతి కథ కొంచెం బాధ కలిగిస్తుంది. 1911 ఏప్రిల్‌లో మొనాకోలో మరో పైలట్ నడుపుతుండగా బాతు దెబ్బతింది. ఫాబ్ర్ అలాంటి విమానాన్ని మళ్లీ తయారుచేయలేదు. ఆయన తొట్లను మాత్రం ఇతరులు తమ విమానాలకు బిగించుకున్నారు. అదే ఏడాది వోయిజాన్ కంపెనీ విమానం ఆ తొట్లతోనే పారిస్‌లో సేన్ నది మీంచి లేచింది. పేరు విమానాలు కట్టినవాళ్లకు వచ్చింది. ఫాబ్ర్ తొట్లు చేసి ఇచ్చాడు.

1971లో కూడా, 88 ఏళ్ల వయసులో, ఆయన మార్సెయ్ రేవులో ఒంటరిగా పడవ నడుపుతూ కనిపించేవాడు. 1984 జూన్ 30న, 101 ఏళ్లు నిండాక, కన్నుమూశాడు. బాగుచేసిన ఆ బాతు పారిస్ దగ్గర లె బూర్జే విమాన ప్రదర్శనశాలలో ఉంది.