ఒళ్లు సర్దుకుంటుంది.. ఎంతవరకు?

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఒక శాస్త్రవేత్త కన్నుమూశారు. తన దేహం వైద్య విద్యకు, పరిశోధనకు ఉపయోగపడాలన్నది ఆయన కోరిక. ఆ ప్రకారమే దాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆయనే జె.బి.ఎస్.హాల్డేన్. 1892లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. జన్యుశాస్త్రంలో ఆయన పేరు మీరు వినే ఉంటారు. పీల్చే గాలి, చుట్టూ ఉండే ఒత్తిడి మారితే మన ఒళ్లు ఎలా సర్దుకుంటుందో కూడా ఆయన పరిశోధించారు. అందుకు ఎక్కువగా వాడుకున్నది తన ఒంటినే.

ఈ బడిలో మొదటి గురువు తండ్రే. గనుల్లోని ప్రమాదకర వాయువులపై పనిచేసిన జాన్ స్కాట్ హాల్డేన్ ఒకసారి చిన్నవాడైన కొడుకును గనిలోకి తీసుకెళ్లారు. నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లవాడి కాళ్లు తేలిపోయి కూలబడ్డాడు. నేల దగ్గర గాలి బాగుండటంతో తేరుకున్నాడు. మీథేన్ తేలిక కాబట్టి పైన చేరుతుందని అలా తెలుసుకున్నాడు. సముద్రంలో లోతుకు దిగినవాళ్లు ఒక్కసారిగా పైకి రాకుండా, దశలవారీగా ఆగుతూ రావాలని 1908లో లెక్కలు కట్టి చూపింది కూడా ఈ తండ్రే. గబుక్కున వస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది.

పెద్దయ్యాక కొడుకు అమోనియం క్లోరైడ్ తాగి తన రక్తంలో ఆమ్లాన్ని పెంచుకున్నారు. విపరీతంగా ఆయాసపడ్డారు. ఆ ఆయాసం ఒళ్లు చేసుకునే సర్దుబాటే. ఎక్కువగా ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి ఆమ్లం తగ్గుతుంది. మిగతా పనిని మూత్రపిండాలు మెల్లగా చేస్తాయి. షుగర్ అదుపు తప్పి రక్తంలో కీటోన్లు పేరుకున్నవారు పెద్ద పెద్ద ఊపిరి తీయడానికీ కారణం ఇదే.

1939లో బ్రిటన్ జలాంతర్గామి థెటిస్ మునిగి 99 మంది చనిపోయారు. లోపల ఏం జరిగి ఉంటుందో తెలుసుకోవడానికి హాల్డేన్ కొందరితో కలిసి మూసేసిన గదిలో కూర్చున్నారు. వదిలిన గాలినే మళ్లీ పీలుస్తూ గంటలు గడిపారు. తర్వాత అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చే ప్రయోగాల్లో ఫిట్స్ వచ్చి వెన్ను దెబ్బతింది. మార్పు మెల్లగా వస్తే ఒళ్లు చాలావరకు తట్టుకుంటుంది కానీ, దానికీ ఒక హద్దుంది.

1957లో ఆయన మన దేశానికి వచ్చి కలకత్తాలో చేరారు, తర్వాత భువనేశ్వర్ వెళ్లారు. ధోవతి, కుర్తా కట్టారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. చివరికి పెద్దపేగు చివర, మలద్వారం దగ్గర క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ జబ్బు మీదే నవ్వుతూ కవిత రాశారు. అనుమానం రాగానే డాక్టర్ దగ్గరికి వెళ్లమని అందులో చెప్పారు.

ఆయన్ను నేను తరచూ తలచుకునేది మా ఓపీలోనే. హిమోగ్లోబిన్ 5 గ్రాములున్న తల్లులు నడుచుకుంటూ వస్తారు. ఉండాల్సింది 12. కాస్త నీరసమే సార్ అంటారు. రక్తం నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే గుండె వేగం పెంచుకుంటుంది, ఎర్రకణాలు ఆక్సిజన్‌ను త్వరగా వదులుతాయి. అంత బాగా సర్దుకోబట్టే జబ్బు బయటపడదు. చివరికి గుండె అలసిపోయాక మంచం మీద తీసుకొస్తారు.

అందుకే మీకో మాట. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా, మలంలో రక్తం కనిపించినా వయసనో, మొలలనో సరిపెట్టుకోకండి. పరీక్ష చేయించుకోండి. ఒళ్లు అలవాటు పడిందంటే బాగుందని కాదు. తన హద్దులు వెతుక్కుంటూ బతికిన ఆ మనిషి కూడా, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయొద్దనే చెప్పి వెళ్లారు.