మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా: హాకీ మైదానం నుంచి రాజ్యాంగ సభకు

ఛోటానాగపూర్ ఆదివాసులు ఒక్క మనిషిని మాత్రమే మరంగ్ గోమ్కే అని పిలుచుకున్నారు. పెద్ద నాయకుడు అని దాని అర్థం. ఆయనే జైపాల్ సింగ్ ముండా. ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితాన్ని మన యువత ముందు ఉంచడం మా బాధ్యత అనుకుంటున్నాము.

ఆయన 1903 జనవరి 3న రాంచీకి దక్షిణాన ఖూంటీ ప్రాంతంలోని టక్రా గ్రామంలో ముండా కుటుంబంలో పుట్టారు. చిన్ననాటి పేరు ప్రమోద్ పహాన్. పహాన్ అంటే ముండా పల్లెల్లో గ్రామదేవతలకు పూజ చేసే పెద్ద. ఆ పేరుతో పుట్టిన పిల్లవాడు రాంచీలో ఆంగ్లికన్ మిషన్ నడిపే సెయింట్ పాల్స్ పాఠశాలలో చేరి క్రైస్తవుడయ్యారు. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు కానన్ కాస్‌గ్రేవ్ అతని తెలివిని, ఆటలోని చురుకును గమనించి తనతో ఇంగ్లండు తీసుకువెళ్లారు. పశువులు కాసుకునే పల్లె పిల్లవాడు ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలకు చేరడం వెనుక ఆ గురువు ప్రేమ ఉంది. ఈ శిష్యుడు పాదిరీ అవుతాడని మిషన్ పెద్దలు ఆశించారు. ఆయన ఆ దారి పట్టలేదు. అయితే చదువు ఉన్నవాడు చదువు లేనివారికి ఋణపడి ఉంటాడన్న సేవా భావం మాత్రం చివరిదాకా ఆయనను వదలలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన అర్థశాస్త్రం చదివారు, హాకీలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. ఐసీఎస్‌కు ఎంపికై శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకత్వం వహించమని పిలుపు వచ్చింది. సెలవు దొరకలేదు. అయినా వెళ్లారు. ధ్యాన్‌చంద్ ఉన్న ఆ జట్టు 5 మ్యాచ్‌లలో 29 గోల్స్ వేసి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా మన దేశానికి హాకీలో తొలి స్వర్ణం తెచ్చింది. చివరి మ్యాచ్‌లో జైపాల్ సింగ్ ఆడకపోయినా, ఆ జట్టు కెప్టెన్‌గా చరిత్ర ఆయన పేరే చెబుతుంది. తిరిగి వెళ్లాక శిక్షణ మరో ఏడాది పొడిగిస్తామన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదులుకున్నారు. తర్వాత ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో అచిమోటా కళాశాలలోనూ, రాయ్‌పూర్ రాజకుమార్ కళాశాలలోనూ పనిచేశారు. బికనీర్ సంస్థానంలో ఉన్నత పదవి నిర్వహించారు.

ఇంత ఎత్తుకు వెళ్లిన మనిషి మళ్లీ అడవి పల్లెల వైపు తిరిగి చూడడమే ఆయన జీవితంలో అసలు మలుపు. 1939 జనవరిలో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. అంతకు ముందు అక్కడి సంఘాలు ఎక్కువగా మిషన్ చదువులు చదివినవారి చేతుల్లో ఉండేవి. వారిలోనూ చర్చికొక వర్గం. సర్నా ఆచారం పాటించేవారు దూరంగా ఉండేవారు. జైపాల్ సింగ్ తన విశ్వాసాన్ని దాచలేదు, దానిని సభ్యత్వానికి షరతు కూడా చేయలేదు. ముండా, ఉరావ్, సంతాల్, హో ప్రజలను ఆదివాసీ అన్న ఒక్క పేరు కింద నిలబెట్టారు. పల్లె పండుగను, డప్పును, నృత్యాన్ని చిన్నచూపు చూడలేదు.

రాజ్యాంగ సభలో ఆయన గొంతు మనందరిదీ. 1946 డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానంపై మాట్లాడుతూ, ఆదివాసులకు ఎవరూ ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదని, అది వారి గ్రామ సభల్లో తరతరాలుగా ఉన్నదేనని గుర్తుచేశారు. ఆదివాసీ మహిళలకు కూడా ఆ సభలో చోటు ఉండాలని అడిగారు. మన జాతులకు ఆదివాసీ అన్న పేరే ఉండాలని పట్టుబట్టారు. ఆ మాట నెగ్గలేదు, షెడ్యూల్డు తెగలు అన్న పేరే రాజ్యాంగంలోకి వచ్చింది. ఆదివాసీ ప్రాంతాల పాలనపై ఠక్కర్ బాపా అధ్యక్షతన పనిచేసిన ఉపసంఘంలో ఆయన సభ్యులు. ఆ చర్చల నుంచి వచ్చిన ఐదో షెడ్యూలే తర్వాత మన ఏజెన్సీకి కంచె అయింది. మన భూములను కాపాడే 1/70 చట్టానికీ, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకూ ఆధారం అక్కడే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత ఆయన నాయకత్వంలో ఝార్ఖండ్ పార్టీ ఏర్పడింది. 1952 ఎన్నికల్లో బీహార్ శాసనసభలో 30కి పైగా స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. కానీ 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం ప్రత్యేక రాష్ట్రాన్ని ఒప్పుకోలేదు. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. వెంట నడిచినవారిలో చాలామంది దానిని క్షమించలేకపోయారు. ఆ నిర్ణయం ఉద్యమాన్ని ఏళ్ల తరబడి చీల్చింది. పెద్దవారిని స్మరించుకోవడమంటే వారి తప్పటడుగులను దాచడం కాదు కనుక ఈ మాట కూడా రాస్తున్నాము. ఖూంటీ ప్రాంత ప్రజలు మాత్రం ఆయనను చివరిదాకా లోక్‌సభకు పంపుతూనే వచ్చారు. 1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. కలగన్న ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు ఏర్పడింది.

ఈనాడు మన గూడేల్లో కూడా చర్చికి వెళ్లే ఇల్లు, గ్రామదేవతను కొలిచే ఇల్లు పక్కపక్కనే ఉన్నాయి. ఎవరు అసలైన ఆదివాసీ అని తగవులు పెట్టేవారూ ఉన్నారు. మన భూమి, మన భాష, మన గ్రామ సభ ఆ రెండు ఇళ్లకూ ఒక్కటేనని జైపాల్ సింగ్ జీవితం చెబుతోంది. చదువుకుని పట్నం చేరిన మన పిల్లలు ఏడాదికి ఒక్కసారైనా గూడేనికి వచ్చి ఐదో షెడ్యూలు అంటే ఏమిటో పెద్దలకు చదివి వినిపిస్తే, అదే ఆయనకు నిజమైన నివాళి.

ఝార్ఖండ్‌లో ఆదివాసులు ఎదురైతే చెప్పుకునే పలకరింపు జోహార్. మన దగ్గర అమరులకు చెప్పే మాటా అదే. మరంగ్ గోమ్కేకు మా అందరి జోహార్లు.