హార్డ్ డిస్క్ మాస్టారు

మొన్న గుంటూరు అరండల్‌పేటలో ఒక కంప్యూటర్ షాపు కుర్రాడు నా పాత పీసీ మూత తీసి చూసి, హార్డ్ డిస్క్ పీకి పారేసి ఎస్‌ఎస్‌డీ వేసుకోమని అర నిమిషంలో తేల్చేశాడు. వాడన్నది తప్పేం కాదు. గేమ్ లోడయ్యేలోపు నేను టీ తాగి వచ్చేవాణ్ణి. ఈ ఏడాది మిర్చి అమ్మగా నాన్న ఇచ్చిన డబ్బులు జేబులో ఉన్నాయి. కానీ ఆ డిస్క్‌లోనే మా తాతయ్య ఫొటోలన్నీ ఉన్నాయి, నెల్నాళ్లుగా అది టిక్కుటిక్కుమంటోంది. పర్చూరు బస్సెక్కాక, అసలు ఈ వస్తువుని ఎవరు చేశారా అని ఫోన్‌లో వెతికాను.

ఆయన పేరు రేనాల్డ్ జాన్సన్. 1906లో అమెరికాలోని మిన్నెసోటాలో పుట్టాడు. మొదట ఇంజనీరు కాదు, మిషిగన్‌లో హైస్కూల్ సైన్సు మాస్టారు. చిన్నప్పుడు అక్కల కోసం వచ్చే కుర్రాళ్ల కార్లలో స్పార్క్ ప్లగ్గుల మీద పెన్సిల్‌తో గీతలు గీసేవాడట. పెన్సిల్ గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కదా, స్పార్క్ అటు జారిపోయి కారు స్టార్టయ్యేది కాదు. పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది విసిగిన మాస్టారికి ఆ అల్లరి పనికొచ్చింది. పెన్సిల్ గుర్తుని కరెంటుతో పట్టి మార్కులేసే మెషీన్ కనిపెట్టాడు. 1934లో ఐబీఎం ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంది, తర్వాత ఆ మెషీన్ అమ్మకానికొచ్చింది. ఇంటర్లో వారం వారం మనం ఓఎమ్మార్ షీట్ల మీద సున్నాలు నింపి చచ్చామే, ఆ వంశానికి మూలపురుషుడు ఈయనే. ఇప్పటివి వెలుతురుతో చదువుతాయి, అంతే తేడా.

1952లో కంపెనీ ఆయన్ని కాలిఫోర్నియాలోని శాన్‌హోసేకి పంపి కొత్త ల్యాబ్ పెట్టమంది. అప్పట్లో లెక్కలన్నీ పంచ్ కార్డుల మీద, లేదంటే టేపుల మీద. టేపు చివర ఉన్నది కావాలంటే మొదట్నుంచీ తిప్పాల్సిందే. మన కోల్డ్ స్టోరేజీలో లోపలెక్కడో ఉన్న మన టిక్కీ కోసం ముందున్న టిక్కీలన్నీ దించినట్టన్నమాట. అలా కాకుండా నేరుగా కావాల్సిన దాని దగ్గరికే చెయ్యి వెళ్లాలన్నది జాన్సన్ బృందం పట్టుదల. తిరిగే పళ్లేల మీద అయస్కాంతపు పూత వేద్దామనుకున్నారు. ఆ పూత రంగుని ఆడవాళ్ల మేజోడులో వడగట్టి, పేపర్ కప్పుతో తిరిగే పళ్లెం మధ్యలో పోస్తే సమంగా పరుచుకుందట. ల్యాబ్ అంటే ఏదో అనుకుంటాం గానీ!

1956 సెప్టెంబర్‌లో ఐబీఎం రామాక్ బయటికొచ్చింది. రెండడుగుల వెడల్పున్న 50 పళ్లేలు, టన్నుకు పైగా బరువు, అంతా కలిపితే పట్టేది 50 లక్షల అక్షరాలు. నా గేమ్ ఒక్కటే 100 జీబీ. దాన్ని దాచాలంటే అలాంటివి ఇరవై వేలకు పైగా కావాలి. కావాల్సిన చోటికి చేరడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పట్టేది. అప్పటికి అది అద్భుతం.

నాకు బస్సులో కాస్త బాధేసింది ఇక్కడే. వెతుకులాట పోగొట్టడానికి పుట్టిన వస్తువుని ఇవాళ వెతుకులాటలో ఆలస్యమని పక్కన పెడుతున్నాం. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక్క చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పోతాయి. పైగా చెయ్యి కదలాలి. గేమ్ అడిగేవేమో వేల చిన్న చిన్న ముక్కలు, తలా ఒక మూల. ఎస్‌ఎస్‌డీకి కదిలే చెయ్యే లేదు, మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. దానికి బీజం 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ సే వేశారు. నాలుగు వైపులా కరెంటు పారని పొర కట్టి, మధ్యలో ఎలక్ట్రాన్లను బంధించారు. అయితే ఒకటి, ఎస్‌ఎస్‌డీ వేస్తే లోడింగ్ తగ్గుతుంది గానీ ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు. దానికి గ్రాఫిక్స్ కార్డే దిక్కు.

జాన్సన్ 1971లో రిటైరయ్యాడు. 90కి పైగా పేటెంట్లున్నా, ఆ తర్వాత కూడా పిల్లలు చదువు నేర్చుకునే బొమ్మల మీద పనిచేశాడు. మాస్టారు బుద్ధి ఎక్కడికి పోతుంది! 1986లో నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చారు. 1998లో, 92వ ఏట పోయాడు.

మర్నాడు మళ్లీ గుంటూరెళ్లి విండోస్‌కి, గేమ్‌లకి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. మిగిలిన డబ్బుతో ఇంకో కొత్త హార్డ్ డిస్క్ కూడా తీసుకుంటే షాపు కుర్రాడు వింతగా చూశాడు. కరెంటివ్వకుండా ఏళ్లపాటు బీరువాలో పడేస్తే ఎస్‌ఎస్‌డీలో బంధించిన ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోవచ్చు. తాతయ్య ఫొటోలు అందులో ఒక్కదాంట్లోనే ఉంచడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ రాత్రంతా పాత డిస్క్ టిక్కుటిక్కుమంటూనే కాపీ చేసింది. రెండు ఫోల్డర్లు మాత్రం తెరుచుకోలేదు. పత్తి చేలో తాతయ్య తలపాగాతో నిలబడ్డ ఫొటో వచ్చింది. అది ఇప్పుడు మూడు చోట్ల ఉంది.