ఒంటిచేత్తో గెలిచిన ఎంజైమ్

మీ ఇంట్లో ఎవరికైనా బ్లడ్ యూరియా పరీక్ష చేయించే ఉంటారు. చాలా ల్యాబుల్లో దానికి వాడేది యూరియేజ్ అనే ఎంజైమ్. రక్తంలోని యూరియాను అది విడగొడితే అమ్మోనియా వస్తుంది. ఆ అమ్మోనియాను కొలిచి యూరియా ఎంతుందో లెక్కగడతారు. ఈ ఎంజైమ్‌ను మొట్టమొదట స్ఫటికాలుగా వేరుచేసిన మనిషికి ఒక చెయ్యే ఉండేదంటే నమ్ముతారా?

ఆయన పేరు జేమ్స్ సమ్నర్. 1887లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టారు. పదిహేడేళ్లప్పుడు వేటకు వెళ్తే, తోటివాడి తుపాకీ గుండు పొరపాటున ఎడమచేతికి తగిలింది. మోచేతి కింద నుంచి చెయ్యి తీసేశారు. ఆయనది ఎడమచేతి వాటం! పనులన్నీ కుడిచేత్తో మళ్లీ నేర్చుకున్నారు. టెన్నిస్ కూడా ఆడారు.

హార్వర్డ్‌లో ప్రొఫెసర్ ఆటో ఫోలిన్ ఆయన్ని చూసి, ఒంటిచేత్తో కెమిస్ట్రీ కష్టం, లా చదువుకోమన్నారు. సమ్నర్ వినలేదు. 1914లో ఆయన దగ్గరే డాక్టరేట్ పూర్తిచేసి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యారు.

మనం తిన్నది అరగాలన్నా ఎంజైములే కావాలి. కానీ అవి ఏ పదార్థమో అప్పటికి ఎవరికీ తెలియదు. అది తేల్చాలని 1917లో సమ్నర్ పని మొదలుపెట్టారు. ఎంచుకున్నది మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్‌బీన్ గింజల్ని. వాటిలో యూరియేజ్ ఎక్కువ. చూస్తే పాఠాలు చెప్పే పని బోలెడు, పరికరాలు అంతంతమాత్రం. తొమ్మిదేళ్లు గడిచాయి.

1926లో గింజల పిండిని అసిటోన్ కలిపిన నీళ్లలో నానబెట్టి, వడకట్టడానికి రాత్రంతా చల్లటి చోట ఉంచారు. పొద్దున్నే ఒక చుక్కను మైక్రోస్కోపు కింద చూస్తే సన్నటి స్ఫటికాలు! పరీక్షిస్తే అవి ప్రొటీన్. యూరియాను విడగొట్టే శక్తీ వాటిదే.

అయినా చాలామంది ఒప్పుకోలేదు. జర్మనీలో నోబెల్ గ్రహీత విల్‌స్టాటర్ బృందం ఎంజైములు ప్రొటీన్లు కావని గట్టిగా వాదించింది. 1930లో జాన్ నార్త్రప్ మన కడుపులో ఉండే పెప్సిన్‌నూ స్ఫటికాలుగా రాబట్టి, అదీ ప్రొటీనేనని చూపాక గాలి మళ్లింది. 1946లో సమ్నర్‌కు నోబెల్ వచ్చింది. 1955లో కన్నుమూశారు.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసులో ఒక లంకెను మార్చి, కావలసిన పని చేసే ఎంజైములను ఇవాళ శాస్త్రవేత్తలు రూపొందిస్తున్నారంటే, ఎంజైమ్ ప్రొటీన్ అని మొదట తేలడం వల్లే. ఈసారి రిపోర్టులో యూరియా అంకె కనిపిస్తే, దాని వెనకున్న ఆ ఒంటిచేతి పట్టుదలను పిల్లలకు చెప్పండి.