మరుత్‌ను తొలిసారి ఎగురవేసిన సురంజన్ దాస్

కోలారు, ముళబాగిలు ప్రాంతాల నుండి పాత మద్రాసు రోడ్డు మీదుగా బెంగళూరు చేరే బస్సు బైయప్పనహళ్ళి సమీపించినప్పుడు ఎడమవైపు ఒక దారి చీలుతుంది. హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం వైపు పోయే ఆ దారి పేరు సురంజన్ దాస్ రోడ్డు. నిత్యం ఆ దారిన తిరిగేవారిలో సైతం ఆ పేరుగల మనిషిని ఎరిగినవారు తక్కువ.

సురంజన్ దాస్ 1920లో జన్మించిన వంగదేశీయుడు. తండ్రి సుధీరంజన్ దాస్ 1956 నుండి 1959 వరకు భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. న్యాయవాదుల ఇంట పుట్టిన కుమారుడు మాత్రం వైమానిక దళంలో చేరి, బ్రిటన్‌లోని ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూలులో శిక్షణ పొంది, టెస్ట్ పైలట్ అయ్యారు. ఇతరులు నడపబోయే విమానాన్ని ముందుగా తాను నడిపి లోపాలను వెదకి చెప్పడం ఆ ఉద్యోగం. లోపం నేలమీద బయటపడితే సరే. గాలిలో బయటపడితే ప్రాణం మీదికి వస్తుంది.

1956లో జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ బెంగళూరుకు వచ్చి హెచ్.ఎఫ్.-24 అనే జెట్ యుద్ధవిమానానికి రూపకల్పన ఆరంభించారు. దానికే మరుత్ అని పేరు. మొదట ఇంజను లేకుండా, కొయ్యతో, అసలు విమానమంత నమూనాను నిర్మించారు. 1959లో దానిని డకోటా విమానానికి తాడుతో కట్టి పైకి లాగి విడిచిపెట్టేవారు. దానిలో కూర్చున్న దాస్ గాలిలో తేలుతూ క్రిందికి దించేవారు. 1961 జూన్ 17న అసలు విమానాన్ని తొలిసారి ఎగురవేసినదీ ఆయనే. 1964లో కిరణ్ శిక్షణ విమానం తొలి ప్రయాణమూ ఆయన చేతిమీదుగానే జరిగింది.

మరుత్ ఆకృతి ధ్వనివేగాన్ని మించడానికి తగినదే. అందులోని రెండు ఆర్ఫియస్ ఇంజన్లకు మాత్రం అంత బలం లేదు. మరింత శక్తిగల ఇంజనును బ్రిటన్‌లో తయారు చేయించడానికి కావలసిన ధనం వెచ్చించేందుకు మన ప్రభుత్వం అంగీకరించలేదు. ఆ పొదుపు కడకు చాలా ఖరీదైనది. గత్యంతరం లేక, ఇంజను వెనుకభాగంలో అదనపు ఇంధనాన్ని మండించి బలం పెంచే రీహీట్ ఏర్పాటును దేశంలోనే చేపట్టారు. దానికోసం విమానం వెనుకభాగాన్ని మార్చవలసి వచ్చింది.

1970 జనవరి 10న, గ్రూప్ కెప్టెన్ హోదాలో ఉన్న దాస్ ఆ మార్పులు చేసిన విమానంతో బెంగళూరు నుండి బయలుదేరారు. నేల విడుస్తున్న వేళ పైలట్ తలమీది పారదర్శకపు మూత గడియ వీడిపోయింది. ఇంకా తగిన ఎత్తు అందుకోని విమానం కూలిపోయింది, దాస్ మరణించారు. వీడిపోయిన ఆ మూతే ప్రమాదానికి కారణమని పేర్కొన్నారు. అదే ఏడాది ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించింది.

మరుసటి సంవత్సరం డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో మరుత్‌లు రాజస్థాన్ సరిహద్దున పోరాడాయి. మొత్తం 147 మరుత్‌లు తయారయ్యాయి. రీహీట్ విమానం మాత్రం దళానికి చేరలేదు. మన పాఠశాలల పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయే విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆవరణలో ఒక మరుత్‌ను నిలిపి ఉంచారు.